స్టేక్ మీద క్రీము ఎందుకు?

వదినగారిది గుంటూరు. లూథరన్ మిషన్ నీడన పెరిగిన కుటుంబం. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దకూర వండుకోవడం వాళ్లింట్లో దాచుకోవలసిన సంగతి కాదు. మరిది డాలస్ పక్కన ఫ్రిస్కోలో స్థిరపడ్డాడు. వేసవికి ఆవిడ అమెరికా వచ్చి అతని ఇంట్లో దిగారు. అతనేమో ఫ్రెంచివాళ్లు స్టేక్ ఓ ప్వావ్ర అని పిలిచే మిరియాల స్టేక్ చేసి, పైన క్రీము సాసు పోసి ఆవిడ ముందు పెట్టాడు. అక్కడ మొదలైన వాదన ఇది. మధ్యలో ఒకటి రెండు చోట్ల నేను నోరు ఆపుకోలేకపోయాను, మన్నించాలి.

వదిన: అబ్బాయ్, లోపలంతా ఎర్రగా ఉంది. ఇంకో పావుగంట పొయ్యి మీద ఉంచు.

మరిది: పావుగంట ఉంచితే నమల్లేం వదినా. నడిమధ్యన 55 డిగ్రీలు వచ్చింది, ఇదిగో థర్మామీటరు చూడండి. దీన్ని ఇక్కడ మీడియం రేర్ అంటారు.

వదిన: జ్వరం చూసినట్టు కూరకు కూడా చూస్తున్నారన్నమాట. నెత్తురు కారుతుంటే ఎలా తినమంటావు?

మరిది: అది నెత్తురు కాదు. నెత్తురు పశువును కోసిన రోజే పోయింది. కండలో మయోగ్లోబిన్ అనే ప్రోటీను ఉంటుంది, అది కండలోని నీటితో కలిసి ఎర్రగా దిగుతుంది. వేడి 60 దాటేకొద్దీ గోధుమరంగులోకి తిరుగుతుంది. మీరు వండే కూరలోనూ మొదట అదే దిగుతుంది, మసాలాలో కలిసిపోయి కనబడదు, అంతే.

వదిన: రంగు సంగతి సరే. క్రిముల సంగతో?

మరిది: ముక్క చెక్కుచెదరకుండా ఉన్నంతసేపూ క్రిములు పైపైనే ఉంటాయి. పెనం మీద ఆ పైభాగం బాగా కాలుతుంది కాబట్టి చస్తాయి. కైమా అయితే పైనున్నదంతా లోపలికి కలిసిపోతుంది, అందుకే కైమాకు 71 డిగ్రీలు రావాలి. ముక్కకు 63 డిగ్రీలు రానిచ్చి, దించాక మూడు నిమిషాలు ఆగితే చాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది.

వదిన: 63 అంటోంది. నువ్వు 55లో దించావు.

మరిది: దించాను. ఇక్కడ చాలామంది అలాగే తింటారు. కడుపుతో ఉన్నవాళ్లకూ, పసిపిల్లలకూ, పెద్దవాళ్లకూ మాత్రం 63 దాకా ఉంచాలి. మీ ముక్క మళ్లీ పెనం మీద వేస్తాను.

వదిన: వెయ్యి. నన్ను పెద్దవాళ్లలో కలిపినందుకు తర్వాత చూసుకుందాం. ముందు ఇది చెప్పు. మా అమ్మ పెద్దకూర వండితే రెండు గంటలు పట్టేది. పచ్చి బొప్పాయి తురిమి పట్టించి, అల్లం వెల్లుల్లి దట్టించి, చివర్లో గోంగూర వేసేది. ముక్కను వేలితో నొక్కితే విడిపోవాలి. నువ్వు ఎనిమిది నిమిషాల్లో వంటైపోయిందంటే ఎలా నమ్మమంటావు?

మరిది: అత్తయ్యగారు కొన్న మాంసమూ నేను కొన్నదీ ఒకటి కాదు. మన దగ్గర 1977 చట్టం ప్రకారం ఆవును కొయ్యకూడదు. ఎద్దో గేదో అయితే అది పనికీ, పాడికీ, ఈతకూ ఇక పనికిరాదని అధికారి పత్రం ఇవ్వాలి. చట్టం రాకముందు మాత్రం? నాలుగు సాళ్లు దున్నగలిగిన ఎద్దును ఏ రైతు అమ్ముకున్నాడు? అంటే మన గిన్నెలోకి వచ్చేది ఎప్పుడూ ముసలి పశువే. వయసు పెరిగేకొద్దీ కండను పట్టి ఉంచే కొల్లాజెన్ పోగులు ముదిరి గట్టిపడతాయి. అవి కరిగి జిగురుగా మారాలంటే గంటల తరబడి తడి వేడి కావాలి. బొప్పాయి పాలలోని పపైన్ కూడా ఆ పోగుల మీదా, కండ ప్రోటీన్ల మీదా పని చేస్తుంది. అత్తయ్యగారు చేసిన ప్రతిదానికీ కారణం ఉంది.

వదిన: కారణం మాకు ఎవరూ చెప్పలేదు. ఉడక్కపోతే తినలేమని మాత్రం తెలుసు.

మరిది: ఈ ముక్క సంగతి తిరగేసి చూడండి. ఇది రెండేళ్లు కూడా నిండని పశువుది. చివరి నెలల్లో మొక్కజొన్న మేపి బలిపించారు. అందుకే కండ మధ్యలో సన్నగా తెల్లటి కొవ్వు చారలు కనబడతాయి, చూశారుగా. ఆ చారలను బట్టే ప్రైమ్, ఛాయిస్, సెలెక్ట్ అని మేలురకాలు కడతారు. పైగా ఇది నడుము దగ్గరి కండ, పశువు దీన్ని పెద్దగా వాడదు. ఇందులో కరిగించవలసిన పోగులు పెద్దగా లేవు. దీన్ని రెండు గంటలు ఉడికిస్తే ఉన్న నీరంతా పోయి పీచు మిగులుతుంది. ఇదే పశువు భుజం ముక్క అయితే ఇక్కడివాళ్లు కూడా మీలాగే మూడు గంటలు ఉడికిస్తారు.

(ఇక్కడ నేను కల్పించుకున్నాను. తెలుగిళ్లలో స్టేక్ గురించి జరిగే గొడవ సగానికి సగం ఈ ఒక్క విషయం తెలియక జరిగేదే. అమెరికా నుంచి వచ్చినవాడు ఊళ్లో గేదె మాంసం తెచ్చి, పెనం మీద నాలుగేసి నిమిషాలు కాల్చి, నమల్లేక, మనవాళ్లకు కొయ్యడం రాదని తిట్టుకుంటాడు. తప్పు కోసినవాడిది కాదు, పెనానిదీ కాదు. ఆ మాంసానికి ఆ వంట పనికిరాదు.)

వదిన: అయితే మన పశువులు స్టేక్‌కు పనికిరావంటావా? మా ఒంగోలు గిత్తలను చూడ్డానికి జనం బారులు తీరేవారు.

మరిది: జాతి పనికిరాదని ఎవరన్నారు? వయసు గురించి చెప్పాను. ఒంగోలు జాతిని బ్రెజిల్‌వాళ్లు పందొమ్మిదో శతాబ్దంలోనే పట్టుకెళ్లారు. 1960ల మొదట్లో ఇంకా మేలిరకం గిత్తలను తీసుకెళ్లారు. అక్కడ వాటిని నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. ఇవాళ బ్రెజిల్ మాంసపు మందల్లో ఎక్కువ భాగం ఆ రక్తమే. ఈ టెక్సస్‌లో తిరిగే మూపురం పశువుల్లోనూ ఆ పాలు ఉంది.

వదిన: చూశావా! మరి బ్రెజిల్‌వాళ్లు మా గిత్తను ఏం పోసుకుని తింటారు? క్రీమేనా?

మరిది: ... లేదు. పికాన్యా అని తుంటి మీది ముక్క. రాళ్లుప్పు అద్ది నిప్పుల మీద కాలుస్తారు.

వదిన: ఉప్పు ఒక్కటే?

మరిది: ఒక్కటే.

వదిన: ఇక నేను వేరే చెప్పాలా? కొవ్వు తక్కువున్న మా ఒంగోలు మాంసానికే ఉప్పు చాలితే, ఇంత మేపి, ఇంత బలిపించి, కొవ్వు చారలు లెక్కపెట్టి కొన్నదానికి మళ్లీ పైన ఇంకో కొవ్వు ఎందుకు పోశావు?

మరిది: నిప్పుల మీద కాల్చినప్పుడు కారిందంతా నిప్పుల్లో పడిపోతుంది వదినా. పెనం మీద కాల్చినప్పుడు అడుగున మిగులుతుంది. తేడా అక్కడుంది. ముక్క తీసేశాక పెనం చూశారా? అడుగున గోధుమరంగు పొర ఒకటి గట్టిగా అంటుకుని ఉంది. అసలు రుచి అందులో ఉంది. దాన్ని కడిగి సింకులో పొయ్యడం పాపం.

వదిన: అడుగంటినదాన్ని గోకి సాసంటావు!

మరిది: మాడితే అడుగంటినట్టు. మాడకుండా ఎర్రగా ఉంటే అది సాసే. మీరు కోడి వేపుడు దించాక ఆ మూకుట్లో వేడన్నం వేసి, అంచులు గీకి కలిపి ముద్దలు పెడతారు కదా. ఆ ముద్ద కోసం మేం అన్నదమ్ములం కొట్టుకునేవాళ్లం. ఇదీ అదే పని.

వదిన: ఆ మూకుట్లో మేం మీగడ పొయ్యం, నాయనా.

మరిది: అన్నం ఉంది కాబట్టి పొయ్యరు. ఇక్కడ అన్నం లేదు, దాన్ని ఎత్తి తెచ్చేది ఏదో ఒకటి కావాలి. మొదట కాస్త మాంసం ఉడికించిన నీళ్లు పోసి, చెక్క గరిటెతో గీకి కరిగిస్తాం. అవి సగానికి ఇగిరాక క్రీము. అసలు ఆ పొర ఎలా వస్తుందో తెలుసా? 1912లో లూయీ కమీయ్ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చెప్పాడు. ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ వేడికి కలిసి గోధుమరంగు పుడుతుందని. పెనం మీద 140 డిగ్రీలు దాటాక అది జోరందుకుని కొత్త రుచులూ వస్తాయి. తడి ఉన్నంతసేపూ వేడి 100 దగ్గరే ఆగిపోతుంది, ఆ రంగు రాదు.

వదిన: దానికి ఫ్రెంచివాడు రావాలా? నీళ్లు ఇగిరేదాకా ముక్క ఎర్రబడదని మా ఇంట్లో పదేళ్ల పిల్లకు తెలుసు. ఇగురు అన్నది అందుకే.

మరిది: ఒప్పుకున్నాను. అందుకే ముక్కను గుడ్డతో ఒత్తి ఆరబెట్టాను. ఉప్పు రాత్రే అద్ది, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచాను. ఉప్పు మొదట నీరు లాగుతుంది, ఆ ఉప్పునీటిని ముక్క మళ్లీ తాగుతుంది, పైభాగం ఎండుతుంది. తీరిక లేకపోతే కనీసం నలభై నిమిషాల ముందు, లేదా సరిగ్గా పెనం మీద వేసేముందు. నడిమధ్య వేస్తే నీరు బయటికి వచ్చి ఊరుకుంటుంది, పెనం మీద పడగానే చుర్రుమనకుండా ఉడికిపోతుంది.

వదిన: పైన గట్టిగా కాలిస్తే రసం లోపలే బంధించబడుతుందని ఎవరో వీడియోలో చెప్పారు.

మరిది: అది 1847లో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త అన్న మాట. తప్పు. కాల్చిన పొరలోంచి రసం కారుతూనే ఉంటుంది, ఆ చుర్రుమనే చప్పుడే అందుకు సాక్ష్యం. కాల్చేది రుచి కోసం, రసం కోసం కాదు.

వదిన: సరే, రుచి కోసమే అనుకో. మరి మిరియాల సంగతి ఏమిటి? ముక్కకు రెండు వైపులా అద్దావు. పెనం మీద వెయ్యగానే వచ్చిన ఘాటుకు నేను దగ్గి దగ్గి చచ్చాను, మీ ఇంటి గంట కూడా మొత్తుకుంది. ఒకచోట మాడింది, చేదు తగుల్తోంది. పాడేరు నుంచి తెప్పించి నీకు పట్టుకొచ్చిన మిరియాలు అవి. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల మీదికి పాకే తీగల నుంచి కోసినవి. వాటిని మాడ్చడానికా?

మరిది: అది పొగ గంట. వంటింట్లో ఏం చేసినా మోగుతుంది.

వదిన: గంటను వదిలెయ్. మిరియాలు దంచిన తర్వాత జల్లించావా?

మరిది: లేదు.

వదిన: అదీ సంగతి. కచ్చాపచ్చాగా దంచి జల్లెడలో పోస్తే పొడి కిందికి పోతుంది. ముందు మాడేది ఆ పొడే. బరకగా ఉన్నది ముక్కకు ఒక్క వైపే అద్దు, రెండో వైపు శుభ్రంగా ఎర్రబడనీ, నీ పెనం అడుగు కూడా బాగుంటుంది. పక్కన పెట్టిన పొడి దించేముందు సాసులో వెయ్యి. మిరియానికి వాసన వేరు, ఘాటు వేరు. వాసన వేడికి ఎగిరిపోతుంది, ఘాటు మిగులుతుంది. చారులో మిరియాల పొడి చివర్లో వేసేది ఎందుకనుకున్నావు?

మరిది: ఇది రాసి పెట్టుకుంటాను. మీరు ఘాటు అన్నారు కాబట్టి క్రీము ఎందుకో చెబుతాను వినండి. మిరియం ఘాటు పైపరిన్ అనే పదార్థం వల్ల. అది నీళ్లలో దాదాపు కరగదు. కొవ్వులో కరుగుతుంది, సారాలో కరుగుతుంది. నీళ్ల సాసులో మిరియాలు వేస్తే ఘాటు మిరియపు గింజ దగ్గరే ఉండిపోతుంది, పంటికింద పడినప్పుడే తగులుతుంది. క్రీములో వేసి కాసేపు ఉడికిస్తే ఘాటు సాసంతా పాకుతుంది, నాలుక మీద మెల్లగా ఎక్కుతుంది. ఈ వంటలో క్రీము మిరియం కోసం వచ్చింది, మాంసం కోసం కాదు.

వదిన: ఊ. ఇది కాస్త బుద్ధిగా ఉంది. చారు అడుగున ఉన్న గరిటెడు ఎందుకు మండుతుందో ఇప్పుడు తెలిసింది. అయితే కొవ్వు కావాలంటే వెన్న లేదా? మొదట ఈ వంట చేసినవాడు క్రీమే పోశాడా?

మరిది: మొదట ఎవరు చేశారో తేలలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి మూడు దశాబ్దాల్లో మేమంటే మేమని ప్యారిస్ వంటవాళ్లు కొందరు చెప్పుకున్నారు, మాంటే కార్లో హోటల్ పేరు కూడా వినిపిస్తుంది. అమెరికా ఇళ్లకు మాత్రం దీన్ని తెచ్చినవాళ్లలో ముఖ్యురాలు జూలియా చైల్డ్. 1961లో ఇద్దరు ఫ్రెంచి స్నేహితురాళ్లతో కలిసి ఆవిడ వేసిన పెద్ద వంటల పుస్తకంలో ఇది ఉంది.

వదిన: అందులో క్రీము ఎంత?

మరిది: అందులో... క్రీము లేదు. మాంసం నీళ్లు, బ్రాందీ, చివర్లో వెన్న.

వదిన: ఫ్రెంచి వంట అమెరికాకు నేర్పిన మనిషే పొయ్యకపోతే నువ్వెందుకు పోశావురా?

(ఈ దెబ్బకు మరిది కాసేపు సాసు కలుపుతూ ఉండిపోయాడు. నన్నడిగితే వదినగారిదే పైచెయ్యి.)

మరిది: వెన్న సాసు బాగుంటుంది వదినా, కాదనను. కానీ దానికి చెయ్యి తిరగాలి. మంట ఒక పిసరు ఎక్కువైతే వెన్న విరిగి నూనె పైకి తేలుతుంది. క్రీము మన్నిస్తుంది. ఇక్కడి హెవీ క్రీములో కొవ్వు కనీసం 36 శాతం. అంత కొవ్వున్నప్పుడు ఉడికించినా అంత త్వరగా విరగదు, చిక్కబడుతూ పోతుంది. గరిటె వెనకవైపు వేలితో గీత గీస్తే ఆ గీత నిలబడాలి, అప్పుడు దించాలి. పాలూ క్రీమూ సగంసగం కలిపి అమ్మేది ఉంటుంది, కొవ్వు తక్కువ. అది పోసి ఉడికిస్తే విరిగిపోతుంది.

వదిన: పెరుగు విరిగినట్టు. అందుకే మేం శనగపిండి కలిపి చిలికి, సన్నసెగ మీద వేస్తాం. హైదరాబాద్‌లో మా అమ్మాయి వాడే డబ్బా క్రీమో?

మరిది: అక్కడ మామూలుగా దొరికేది 25 శాతం. దాన్ని ఇగరబెట్టకూడదు. ముందు మాంసం నీళ్లనే బాగా ఇగరబెట్టి, సెగ తగ్గించి, చివర్లో క్రీము కలిపి దించెయ్యాలి. నిమ్మరసం పిండాలనిపిస్తే దించాకే. ఉప్పు కూడా చివర్లోనే, ఇగిరేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది.

వదిన: ఆ సీసా ఏమిటి, పొయ్యి పక్కన?

మరిది: కోన్యాక్. ఫ్రెంచి బ్రాందీ. ముక్క తీశాక కాస్త పోసి అంటిస్తాం. మంట లేచి మందు మొత్తం కాలిపోతుంది, రుచి ఒక్కటే మిగులుతుందని అందరూ అంటారు...

వదిన: అంటారు? నువ్వేమంటావు? నా దగ్గర అబద్ధం చెప్పకు, నేను మందు ముట్టని మనిషిని.

మరిది: అబద్ధం చెప్పను. అమెరికా వ్యవసాయ శాఖ వేసిన పట్టికలో, అంటించినా నాలుగింట మూడు వంతులు మిగులుతుందని ఉంది. పావుగంట ఉడికిస్తే నలభై శాతం. పూర్తిగా పోదు. మీకని ఇవాళ పొయ్యలేదు. మీ పళ్లెంలో ఉన్నది మాంసం నీళ్లూ క్రీమే.

వదిన: పొయ్యకపోయినా తేడా తెలియలేదే.

మరిది: నాకు తెలిసింది. కాస్త తీపి, కాస్త ఘాటు తగ్గింది. పోసుకునేవాళ్లకు ఒక్క మాట చెప్పాలి. సీసాతో నేరుగా పెనంలో వంపకూడదు, గ్లాసులో కొలిచి, పెనాన్ని పొయ్యి మీంచి దించి పొయ్యాలి. పైన ఎగ్జాస్ట్ ఫ్యాను ఆపెయ్యాలి, మంటను పైకి లాగుతుంది.

వదిన: ఒక కూర కోసం ఇల్లు అంటించుకునే వంట ఎందుకు? బయట హోటల్లో తింటే పోలా?

మరిది: హోటల్లో ఇదే ముక్కకు రెండింతలో మూడింతలో తీసుకుంటారు. పైగా అక్కడ నలభై పళ్లేలకు సాసు ఒకేసారి చేసి పెట్టుకుంటారు చాలాచోట్ల, మీ ముక్క కాల్చిన పెనంలోది కాదు. ఈ వంట అసలు ఇంట్లో చెయ్యవలసిందే. ఇదిగో మీ ముక్క, 63 దాటింది. ఐదు నిమిషాలు ఆగండి, పళ్లెంలో దిగిన రసం సాసులో కలిపేస్తాను.

(ఐదు నిమిషాలు ఆగారు. ఆవిడ తిన్నారు. గోంగూర పచ్చడి అడిగారు, ఫ్రిజ్‌లో ఉంది, తెచ్చారు. స్టేక్ మీద గోంగూర నేను సమర్థించను, కానీ పులుపు ఆ క్రీముకు సరిపోయిందని మరిదే ఒప్పుకున్నాడు.)

వదిన: ఇక నా తీర్పు విను. ముక్క మెత్తగా ఉంది, వేలితో నొక్కితే విడిపోవడం లేదు గానీ పంటికి ఇబ్బంది లేదు. ఇది మా పెద్దకూర కాదు, దాని పని దానిది. సాసులో అడుగు రుచి ఉంది, మంచిదే. కానీ ఇద్దరికి అరకప్పు క్రీము పోశావు, అది పాయసానికి పోసే లెక్క. పావు కప్పు చాలు. మిరియాలు మాత్రం ఇంకో అంత వెయ్యి.

మరిది: పావు కప్పుకు ఒప్పుకుంటాను. మిగతా చిక్కదనం?

వదిన: ఒక చెంచా వెన్న. ఆ పుస్తకంలో ఆవిడ చెప్పినట్టు.

ఇంట్లో చేసి చూడాలనుకునే పాఠకులకు ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఇనుప పెనమో స్టీలు పెనమో వాడండి. నాన్‌స్టిక్ పెనం మీద ముక్క కాలుతుంది, అడుగున మాత్రం ఏమీ అంటదు. అది అంటకపోతే మీరు క్రీము ఎంత పోసినా వచ్చేది మిరియాల క్రీమే, సాసు కాదు.